తాయిఫ్ తోట గోడ ప్రక్కన

మక్కా నుండి అల్ హదా కొండదారిన తాయిఫ్ సుమారు తొంబై కిలోమీటర్లు. వాహనంలో గంటన్నర ప్రయాణం. గత సంవత్సరం సఫర్ మాసంలో ఉమ్రాకు వెళ్ళిన మా బృందంలో ఏడుగురం ఒకనాడు ఫజ్ర్ నమాజు కాగానే ఒక వ్యాను మాట్లాడుకొని బయలుదేరాము. మాలో ముగ్గురు స్త్రీలు. వారిలో నా భార్య ఒకరు. డ్రైవరు కరీంనగర్ జిల్లా యువకుడు. మా తెలుగు చెవిన పడగానే అతని ముఖం వికసించింది. మా ఊళ్ళు, మా పిల్లల చదువులు, అక్కడి వర్షాలు అన్నీ అడిగి తెలుసుకున్నాడు.

నగరం దాటిన తరువాత అతడు మెల్లగా ఒక సినిమా పాట పెట్టాడు. మా బృందంలో ఒక పెద్దమనిషి ఉన్నారు. ప్రభుత్వోద్యోగం చేసి విరమించినవారు, నమాజులలో ఎంతో నియమం గలవారు. ఆయన వెనుక సీటు నుండి ముందుకు వంగి, అల్లాహ్ గృహం నీడలో బ్రతుకుతూ ఈ పాటలేమిటి, రేపు ప్రళయదినాన ఏమని జవాబు చెబుతావు అని గట్టిగా మందలించారు. యువకుడు వెంటనే పాట ఆపివేశాడు. "తప్పయింది చాచా" అన్నాడు. ఆ తరువాత మేము ఏమి అడిగినా ఔను, కాదు అన్నంతవరకే అతని సమాధానం. పెద్దాయన నా వైపు తిరిగి, "ఏమంటారు మౌలానా?" అన్నారు. నేను ఔనన్నట్లు తల ఊపాను.

కొండ మొదలైంది. గోడలా నిలిచిన పర్వతం మీద రహదారి మెలికలు తిరుగుతూ పైకి సాగుతుంది. పైన తీగెల మీద కేబుల్ కార్లు, దారి ప్రక్కన యాత్రికులు విసిరే పండ్ల కోసం కాచుకొని కూర్చున్న కోతుల గుంపులు. స్త్రీలు అరటిపండ్లు ఇవ్వబోతే అద్దాలు దించవద్దని మాత్రం డ్రైవరు అన్నాడు. మక్కాలో ఉదయానికే నిప్పులు చెరిగే గాలి, ఇక్కడ కిటికీ సందులోంచి చల్లగా తగిలింది. తాయిఫ్ సముద్రమట్టానికి పదిహేడు, పద్దెనిమిది వందల మీటర్ల ఎత్తున ఉన్న పట్టణం. ద్రాక్ష, దానిమ్మ, గులాబీ అక్కడి సంపద. మక్కా సంపన్నులకు ఆనాడే అక్కడ తోటలుండేవి.

ఈ కొండల పైకి దైవప్రవక్త (స) నడిచి వెళ్ళారు. అప్పటికి ఆయన వయస్సు యాభై సంవత్సరాలు. దైవదౌత్యం లభించి పది సంవత్సరాలైంది. అదే ఏడాది అర్ధాంగి హజ్రత్ ఖదీజా (రజి) మరణించారు. అండగా నిలిచిన పెదనాన్న అబూ తాలిబ్ మరణించారు. మక్కాలో వినే చెవులు కరవయ్యాయి. వెంట ఉన్నది హజ్రత్ జైద్ బిన్ హారిసా (రజి) ఒక్కరే. నా వయస్సు ఇప్పుడు యాభై నాలుగు. వ్యానులో కూర్చొని ఉండగానే నా మోకాళ్ళు పట్టుకుపోయాయి.

తాయిఫ్‌లో సఖీఫ్ తెగకు అప్పుడు ముగ్గురు సోదరులు పెద్దలు: అబ్ద్ యాలీల్, మస్ఊద్, హబీబ్. ఆయన (స) నేరుగా వారి వద్దకే వెళ్ళి, కూర్చొని సందేశం వినిపించారు. ఒకడు ఎగతాళి చేశాడు. దేవునికి ప్రవక్తగా పంపడానికి నీవు తప్ప ఎవరూ దొరకలేదా అని మరొకడు అన్నాడు. నీవు నిజంగా ప్రవక్తవే అయితే నీతో మాట్లాడే స్థాయి నాకు లేదు, కాకపోతే నీతో మాట్లాడవలసిన అవసరమే లేదు అని మూడవవాడు తెలివిగా తప్పించుకున్నాడు. అప్పుడు ఆయన (స) లేచి వారిని ఒక్క కోరిక కోరారు. మీరు ఒప్పుకోకుంటే పోనివ్వండి, ఈ సంగతి మీ మధ్యనే ఉండనివ్వండి అని. వారు ఆ పాటి మర్యాద కూడా పాటించలేదు. ఆకతాయి మూకలను, బానిసలను ఉసికొల్పారు. దారికి రెండు ప్రక్కల నిలబడి రాళ్ళు విసిరారు. పాదాలు రక్తసిక్తమై చెప్పులు తడిసిపోయాయి. అడ్డు నిలిచిన హజ్రత్ జైద్ (రజి) తలకు గాయాలయ్యాయి.

ఇరవై ఎనిమిది సంవత్సరాలుగా మదరసాలో సీరత్ పాఠం చెబుతున్నాను. రాళ్ళ ఘట్టం వచ్చేసరికి నా గొంతు గద్గదమవుతుంది, పిల్లలు కళ్ళు తుడుచుకుంటారు. కాని సంగతి మీ మధ్యనే ఉంచండి అన్న ఆ కోరికను మాత్రం ఒక్క వాక్యంలో దాటించివేసేవాడిని. మక్కాలో శత్రువులకు తెలిస్తే ఇంకా చెలరేగుతారన్నది దానికి కారణం. అంతకుమించి చెప్పడానికి ఏమీ లేదనుకునేవాడిని. ఆ ఉదయం కొండదారిలో అది ముల్లులా గుచ్చుకుంది. ఎందుకో చెప్పాలంటే నా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి.

నాకు ఒక తమ్ముడు ఉన్నాడు. కుట్టుమిషన్లు మరమ్మతు చేసే చిన్న దుకాణం అతనిది. నాలుగు సంవత్సరాల క్రితం పెద్ద కూతురి నికాహ్ కుదిరింది. పెళ్ళికుమారుని వారు మూడు లక్షలు, మోటారుసైకిలు, సామాను అడిగారు. తమ్ముడు ఒక ఫైనాన్సు కంపెనీ వద్ద వడ్డీకి అప్పు తెచ్చి ఆ మొత్తం కట్టాడు. నాకు ఆలస్యంగా తెలిసింది. తెలిసిన తరువాత నేను చేసినదేమిటంటే, తమ్ముని ఇంటికి వెళ్ళలేదు. నికాహ్‌కు ముందు వచ్చిన జుమా రోజు మింబర్ ఎక్కి వడ్డీ గురించి, కట్నం గురించి బయాన్ చేశాను. పేరు ఎత్తలేదు. ఎత్తవలసిన పని లేదు. మసీదులో మూడవ వరుసలో కూర్చున్న అతని వైపు తలలన్నీ తిరిగాయి. అల్లాహ్‌తో, ఆయన ప్రవక్తతో యుద్ధానికి దిగినవారు సభలు అలంకరించుకొని ఆనందిస్తారా అన్నాను. నమాజు ముగిసి సలాం చెప్పగానే అతడు సున్నతులు చదవకుండానే లేచి వెళ్ళిపోయాడు. నికాహ్‌కు నేను వెళ్ళలేదు. ఆ రోజు నుండి అతడు మా మసీదుకు రాలేదు. కొన్నాళ్ళు స్టేషను దగ్గరి మసీదుకు వెళ్ళేవాడని, తరువాత అక్కడికి కూడా మానివేశాడని విన్నాను. అమ్మీ జబ్బుపడి మంచం పట్టినప్పుడు ఆసుపత్రి వరండాలో ఇద్దరం ఎదురుపడ్డాం. సలాంకు జవాబు ఇచ్చాడు, అంతే.

నేను చెప్పిన మాటలో తప్పు లేదు. ఈనాటికీ వడ్డీ హరాం అనే చెబుతాను, కట్నం అన్యాయమనే చెబుతాను. కాని పాఠకులకు ఇంకొక సంగతి చెప్పకుంటే ఈ వ్యాసం వ్రాయడంలో అర్థం లేదు. కట్నం ఇచ్చినవాడు నా తమ్ముడు. తీసుకొన్నవాడు ఆ జుమాలో మొదటి వరుసలో కూర్చున్నాడు. మసీదు కమిటీలో సభ్యుడు. మా మదరసా వంటశాలకు ప్రతి రంజాన్‌లో ముప్ఫై బస్తాల బియ్యం పంపే దాత. బయాన్ అయిన తరువాత ఆయన వచ్చి ముసాఫహా చేసి, చక్కగా చెప్పారు మౌలానా అన్నాడు. నేను జజాకల్లాహ్ అన్నాను.

దైవప్రవక్త (స) తాయిఫ్‌లో హెచ్చరికను మొదట బలవంతుల వద్దకు తీసుకువెళ్ళారు. ఏకాంతంగా, వారి ఇంటికి వెళ్ళి, వారి ఎదుట కూర్చొని చెప్పారు. ఆ హెచ్చరికకు మూల్యం తమ పాదాల రక్తంతో తామే చెల్లించుకున్నారు. నేను బలహీనుణ్ణి ఎన్నుకున్నాను, అందరి ముందు చెప్పాను. నా చెప్పులు తడవలేదు.

పట్టణంలో మొదట హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అబ్బాస్ (రజి) మసీదుకు వెళ్ళాము. ఖుర్ఆన్ వ్యాఖ్యాతలలో అగ్రగణ్యులైన ఆ సహాబీ హిజ్రీ 68లో ఇక్కడే మరణించారు. హిజ్రీ 8లో హునైన్ యుద్ధానంతరం దైవప్రవక్త (స) తాయిఫ్ కోటను ముట్టడించినప్పుడు గుడారాలు వేసిన చోటు ఇదే. దీని సంగతి మళ్ళీ చెబుతాను.

అక్కడి నుండి అల్ మస్నాత్ అనే ప్రాంతానికి వెళ్ళాము. వజ్జ్ లోయ ఒడ్డున పాత తోటలు, మట్టిగోడలు, మధ్యలో హజ్రత్ అద్దాస్ పేరిట ఒక చిన్న పాత మసీదు. ఉత్బా, షైబా అనే మక్కా ధనికుల తోట ఇక్కడ ఉండేదని స్థానికుల నానుడి. అలాంటి చోట్ల రెండు రకాతుల నమాజు చదివితే ప్రత్యేక పుణ్యమని ఏ ఆధారమూ లేదు. మా బృందంలో ఒకరిద్దరు అందుకు సిద్ధపడితే మెల్లగా వారించాను. చూసి, గుర్తు చేసుకొని వెళ్ళడానికి మాత్రం అభ్యంతరం లేదు.

రాళ్ళ దెబ్బలతో అలసి, దైవప్రవక్త (స) ఆ తోట గోడ ప్రక్కన ఒక తీగ నీడలో కూర్చున్నారు. అక్కడ ఆయన తన నిస్సహాయతను అల్లాహ్‌కు విన్నవించుకొన్న దుఆ ప్రసిద్ధమైనది. దాని పరంపర గూర్చి హదీసు పండితులలో చర్చ ఉన్నమాట కూడా నిజం. తోట యజమానులు ఇద్దరూ ఆయనకు బద్ధశత్రువులే. అయినా ఆ స్థితి చూసి రక్తసంబంధం కదిలింది. తమ బానిస అద్దాస్ చేతికి ఒక పళ్ళెంలో ద్రాక్షగుత్తి ఇచ్చి పంపారు. ఆయన (స) బిస్మిల్లాహ్ అని చేయి చాపారు. ఈ మాట ఈ దేశంలో ఎవరూ అనరే అని అద్దాస్ ఆశ్చర్యపోయాడు. నీది ఏ ఊరు అని ఆయన (స) అడిగారు. క్రైస్తవుణ్ణి, నైనవా వాణ్ణి అన్నాడు. సజ్జనుడైన యూనుస్ బిన్ మత్తా ఊరా అన్నారు. యూనుస్ మీకెలా తెలుసు అని అద్దాస్ నివ్వెరపోయాడు. ఆయన నా సోదరుడు, ఆయనా ప్రవక్తే, నేనూ ప్రవక్తనే అని జవాబు వచ్చింది. అద్దాస్ వంగి ఆయన శిరస్సును, చేతులను, పాదాలను ముద్దాడాడు.

నైనవా శిథిలాలు నేటి ఇరాక్‌లోని మోసుల్ నగరం ప్రక్కన ఉన్నాయి. హజ్రత్ యూనుస్ (అలై) ఆ జాతికి హెచ్చరికతో వచ్చిన ప్రవక్త. వారు వినలేదు. ఆయన కోపంతో, దైవాజ్ఞ కొరకు ఎదురుచూడకుండా ఊరు విడిచి వెళ్ళారు. చేప కడుపులో చీకట్ల మధ్య అల్లాహ్‌ను వేడుకున్నారు. ఆయన వెళ్ళిన తరువాత ఆ ఊరు విశ్వసించింది. శిక్ష వారిపై నుండి తొలగిపోయింది. చేపవాని వలె తొందరపడవద్దని ఖలమ్ సూరాలో అల్లాహ్ తన అంతిమ ప్రవక్తకు బోధించాడు. తాయిఫ్‌లో రాళ్ళు తిన్న రోజున ద్రాక్షపళ్ళెంతో ఎదుట నిలిచినవాడు అదే నైనవా మనిషి. నేను నా తమ్ముని మీద కోపంతో నికాహ్‌కు వెళ్ళకుండా ఊరుకున్నప్పుడు దానిని నా ఈమాన్ బలమనుకున్నాను.

ఇక్కడ విద్యార్థుల కొరకు ఒక సవరణ. పర్వతాల దూత ఘట్టాన్ని వక్తలు తరచు తాయిఫ్ కొండలతో ముడిపెడతారు. నేనూ ఎన్నో సంవత్సరాలు అలాగే చెప్పాను. సహీహ్ బుఖారీలోని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనంలో ఉన్న అఖ్షబైన్ మక్కాకు రెండు వైపుల ఉన్న కొండలని వ్యాఖ్యాతలు వ్రాశారు. ఉహుద్ కంటే కఠినమైన దినం ఏదైనా మీపై వచ్చిందా అని ఆమె అడిగితే, ఆయన (స) ఈ ప్రయాణాన్నే చెప్పారు. దుఃఖంలో ఎటు నడుస్తున్నదీ తెలియకుండా నడిచి, ఖర్నుస్సఆలిబ్ చేరేసరికి తేరుకొన్నారు. తల ఎత్తి చూస్తే ఒక మేఘం, అందులో జిబ్రీల్ (అలై). పర్వతాల దూత సలాం చేసి, ఆజ్ఞాపిస్తే ఆ రెండు కొండలను కలిపి వారిని నలిపివేస్తానన్నాడు. వద్దు, వీరి సంతానంలో ఏకైక అల్లాహ్‌ను ఆరాధించేవారు పుడతారని ఆశిస్తున్నాను అని ఆయన (స) అన్నారు. అంటే ఆనాటి దెబ్బ తాయిఫ్‌ది. కొండల క్రింద ఉన్నది మాత్రం పదేళ్ళుగా వినని మక్కా. మా ఊరి వారే ఇలా చేస్తే అని మనస్సు ఎదురు తిరిగే చోట ఆయన పుట్టబోయే బిడ్డలను చూశారు.

మక్కాకు తిరిగి రావడానికి కూడా ఆయనకు ఒకరి ఆశ్రయం కావలసి వచ్చింది. ముత్ఇమ్ బిన్ అదీ తన కొడుకులకు ఆయుధాలు తొడిగి ఆయనను నగరంలోకి తీసుకువచ్చాడు. అతడు ఇస్లాం స్వీకరించలేదు, చివరి వరకు తన పాత మతంలోనే మరణించాడు. కాని బద్ర్ ఖైదీల విషయంలో, ముత్ఇమ్ బ్రతికి ఉండి అడిగితే వీరందరినీ అతని కొరకు విడిచిపెట్టేవాడినని దైవప్రవక్త (స) అన్నారు. సందేశం ఒప్పుకోనివాడు చేసిన మేలును కూడా ఆయన మరువలేదు. మన ఊళ్ళలో అలాంటి ముత్ఇమ్‌లు ఉన్నారు. వారి పేర్లు మన బయానులలో వినిపించవు.

ఇక ముట్టడి సంగతి. కోట నుండి వచ్చిన బాణాలకు పన్నెండుగురు సహాబాలు అమరులయ్యారు. కోట లొంగలేదు. సఖీఫ్‌ను శపించండి అని కొందరు కోరితే, వారికి సన్మార్గం ప్రసాదించమని ఆయన (స) దుఆ చేసి ముట్టడి ఎత్తివేశారు. తరువాత వారి నాయకుడు ఉర్వా బిన్ మస్ఊద్ (రజి) ఇస్లాం స్వీకరించి, నా వారు నన్ను కన్నబిడ్డల కంటే మిన్నగా ప్రేమిస్తారు, నా మాట వింటారు అంటూ తాయిఫ్‌కు వెళ్ళి బహిరంగంగా పిలుపునిచ్చారు. వారే ఆయనను బాణాలతో చంపారు. బంధుత్వం ఉన్నంత మాత్రాన మాట చెల్లదు.

హిజ్రీ 9 రంజాన్‌లో అదే సఖీఫ్ ప్రతినిధి బృందం మదీనాకు వచ్చింది. సీరత్ గ్రంథాలు దాని నాయకునిగా అబ్ద్ యాలీల్‌ను పేర్కొంటాయి. పదకొండు సంవత్సరాల క్రితం ఇంటికి వచ్చిన అతిథి మీదికి మూకను ఉసికొల్పిన ఆ సోదరులలో ఒకడు! అతడిని ఏమీ అడగలేదు. ఖుర్ఆన్ పారాయణం, నమాజు వరుసలు కనిపించేలా మస్జిదె నబవీ ఆవరణలోనే వారికి గుడారం వేయించారు. వారు బేరాలాడారు. లాత్ విగ్రహాన్ని మూడేళ్ళు ఉంచమన్నారు, అంగీకరించలేదు. ఒక్క నెల అన్నారు; అదీ లేదు. నమాజు మినహాయించమన్నారు, నమాజు లేని ధర్మంలో మేలు లేదన్నారు. మా చేతులతో మా విగ్రహాన్ని పగులగొట్టలేము అన్నారు. దానికి ఒప్పుకొన్నారు, ఆ పనికి వేరే మనుషులను పంపారు. విషయంలో వెంట్రుకవాసి కూడా సడలించని ఆయన, వారి చేతులకు మాత్రం ఆ కష్టం తప్పించారు.

తిరుగు ప్రయాణం అస్ సైలుల్ కబీర్ మీదుగా. అదే ఖర్నుల్ మనాజిల్ మీఖాత్. హదీసులోని ఖర్నుస్సఆలిబ్ ఇదేనని పలువురు పండితుల అభిప్రాయం. అక్కడ స్నానం చేసి ఇహ్రామ్ ధరించి మళ్ళీ ఉమ్రా సంకల్పం చేసుకున్నాము. ఈసారి నేను ముందు సీటులో డ్రైవరు ప్రక్కన కూర్చున్నాను. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏమి బాబూ, ఒంట్లో బాగులేదా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత చిన్నగా అన్నాడు: "రాత్రంతా జిద్దా ఎయిర్‌పోర్టుకు తిప్పిన మౌల్సాబ్. నిద్ర లేదు. పాట పెట్టుకుంటే కన్ను మూతపడదు, అందుకే పొద్దున పెట్టిన."

వెనుక పెద్దాయన కునుకు తీస్తున్నారు. ఉదయం ఆ కొండమలుపులలో ఏడుగురి ప్రాణాలు ఆ కళ్ళ మీద ఆధారపడి ఉన్నాయి. అతనికి మేము ఇచ్చినది మందలింపు, నేను ఇచ్చినది తల ఊపు. సినిమా పాటల విషయంలో నా అభిప్రాయం మారలేదు. కాని ఎందుకు పెట్టావు నాయనా అని ఒక్కరమూ అడగలేదు. దారి ప్రక్కన ఆపించి టీ తాగించాను. మక్కా చేరేవరకు అతనితో మాట్లాడుతూనే ఉన్నాను. ఎనిమిదేళ్ళుగా ఇక్కడ ఉన్నాడు. పెద్ద చెల్లెలి పెళ్ళి అప్పు తీరింది, రెండవ చెల్లెలి అప్పు ఇంకా ఉంది. బావ మంచివాడే, ఆయన తండ్రే కట్నం విషయంలో పట్టుబట్టాడని చెప్పాడు. ఇహ్రామ్ వస్త్రం నా భుజం మీద నుండి జారిపోతుంటే సర్దుకుంటూ కూర్చున్నాను. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

ఊరికి వచ్చిన మూడవ రోజు మగ్రిబ్ తరువాత తమ్ముని ఇంటికి వెళ్ళాను. జమ్‌జమ్ నీరు, ఖర్జూరాలు తీసుకువెళ్ళాను. మరదలు తలుపు తీసి, కొంగు సర్దుకొని లోపలికి రమ్మంది. తమ్ముడు దీపం క్రింద ఒక మిషను భాగాలు విప్పుకొని కూర్చున్నాడు. సలాం చేశాను. తల ఎత్తకుండానే, "ఇప్పుడేం చెప్పడానికి వచ్చారు భాయీజాన్?" అన్నాడు.

చెప్పడానికి రాలేదన్నాను. ఆ జుమా రోజు నేను చేసింది తప్పు, మాట తప్పు కాదు, నిన్ను అక్కడ నిలబెట్టడం తప్పు, ముందు వరుసలో ఉన్నవాణ్ణి వదిలిపెట్టడం అంతకంటే తప్పు అన్నాను. అతడు చాలాసేపు ఒక స్క్రూను గుడ్డతో తుడుస్తూ ఉండిపోయాడు. ఇంకా ఎన్ని కిస్తీలున్నాయి అని అడిగాను. పదకొండు అన్నాడు. వాటిలో ఎన్ని నేను కట్టగలనో లెక్క వేసుకున్నాము. అసలు తీర్చేస్తే వడ్డీ తగ్గుతుందేమో అని మరదలు లోపలి నుండి అంది. ఆ కంపెనీ కాగితాలు తెచ్చి నాకు చూపించింది. ఇద్దరం కలిసి ఇషా నమాజుకు వెళ్ళామని వ్రాస్తే బాగుండేది. వెళ్ళలేదు. గుమ్మం దాకా వచ్చి చెప్పులు నా వైపు జరిపాడు.

కట్నం తీసుకొన్న పెద్దమనిషి ఇంటికి ఆ మరుసటి వారం వెళ్ళాను. ఒంటరిగానే వెళ్ళాను. తిరిగి ఇవ్వవలసిన సొమ్ము అది, మీ కొడుకు కాపురంలో బర్కత్ కొరకే చెబుతున్నాను అన్నాను. ఆయన ఓపికగా విన్నాడు. టీ తెప్పించాడు. తరువాత, "మీరు పిల్లలకు పాఠాలు చెప్పుకోండి మౌలానా, ఇంటి వ్యవహారాలు వేరు" అన్నాడు. ఈ మాట మన ఇద్దరి మధ్యనే ఉంటుందని చెప్పి లేచాను. పేరు, ఊరు ఇక్కడ వ్రాయకపోవడానికి అదే కారణం. ఈ సంవత్సరం బియ్యం బస్తాలు ఇంకా రాలేదు. మదరసా నాజిమ్ గారు నన్ను పిలిచి కారణం అడిగారు, చెప్పాను.

వచ్చే ఆదివారం అస్ర్ తరువాత ఆయన ఇంటికి మళ్ళీ వెళుతున్నాను.